పంటి మీద ఒక కన్ను, ఊపిరి మీద ఒక కన్ను

"ఎలాగూ ఊడిపోయే పళ్ళే కదా!" పాలపళ్ళు పుచ్చిన ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు ఈ మాట అంటారు. ఇందులో సగం నిజం ఉంది. ముందరి పాలపళ్ళు ఆరేడేళ్ళకే ఊడిపోతాయి. వెనక దవడ పళ్ళు మాత్రం పది, పన్నెండేళ్ళ దాకా ఉండాలి. నాలుగేళ్ళ పాపకు దవడ పన్ను పుచ్చిందంటే ఇంకా ఆరేడేళ్ళు ఆ పంటితోనే నమలాలి. ఈలోగా వేరు కింద చీము పట్టవచ్చు, బుగ్గ వాయవచ్చు, రాత్రిళ్ళు నిద్ర లేకపోవచ్చు. అరుదుగా ఆ వాపు మెడలోకి దిగి ఊపిరికే అడ్డం పడుతుంది. కాబట్టి వైద్యం చేయించక తప్పదు. అయితే నోరు తెరవనని మొండికేసే బిడ్డకు వైద్యం చేయడంలోనూ అపాయాలున్నాయి. చేయించడంలో ఉన్న అపాయం పెద్దదా, చేయించకపోవడంలో ఉన్నది పెద్దదా అన్న దగ్గర మొదలైన వాదం నలభై ఏళ్ళకు పైగా నడుస్తూనే ఉంది.

వాదం చిక్కుపడడానికి కారణం ఉంది. విడివిడిగా తేల్చుకోవలసిన నాలుగైదు తగాదాలు ఇందులో కలిసిపోయాయి. మత్తు ఇవ్వాలా వద్దా అన్నది ఒకటి. ఏ మందు, ఏ సిమెంటు అన్నది ఇంకొకటి. ఏడ్చే పిల్లల్ని పట్టి ఉంచవచ్చా అన్నది మూడోది. అసలు పన్ను తవ్వాలా అన్నది అన్నిటికన్నా కొత్తది. పైగా "సురక్షితం" అన్న మాటను ఒక్కొక్కరు ఒక్కో అర్థంలో వాడుతున్నారు. మత్తు డాక్టర్ ఆ మాట అంటే ఊపిరి ఆగలేదని. పళ్ళ డాక్టర్ అంటే పన్ను నిలిచిందని. తల్లి అంటే బిడ్డ బెదిరిపోకుండా ఇంటికి వచ్చిందని.

హైదరాబాదు నుంచి ఒక పాత పాఠం

మత్తు వైద్యానికీ పళ్ళ వైద్యానికీ పుట్టుకతోనే చుట్టరికం ఉంది. 1844 డిసెంబరులో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో హొరేస్ వెల్స్ అనే పళ్ళ డాక్టర్ నైట్రస్ ఆక్సైడ్ పీల్చి తన పన్నే పీకించుకున్నాడు. 1846 అక్టోబరులో బోస్టన్‌లో ఈథర్‌ను నలుగురి ముందు ప్రదర్శించిన విలియం మార్టన్ కూడా పళ్ళ డాక్టరే. మరో రెండేళ్ళు తిరక్కుండానే, 1848 జనవరిలో, ఇంగ్లండ్‌లో కాలి గోరు తీయించుకోవడానికి వచ్చిన 15 ఏళ్ళ అమ్మాయి క్లోరోఫాం పీల్చిన కొద్ది నిమిషాల్లోనే చనిపోయింది. మత్తు మందు వల్ల సంభవించినట్టు నమోదైన మొదటి మరణంగా దాన్నే చెబుతారు.

క్లోరోఫాం ఎలా చంపుతుంది, ముందు ఆగేది గుండెనా ఊపిరా అన్న ప్రశ్న హైదరాబాదుకు వచ్చింది. రెసిడెన్సీ సర్జన్‌గా ఉన్న ఎడ్వర్డ్ లారీ పూనికతో, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఇచ్చిన డబ్బుతో 1888లో ఒకసారి, 1889లో మరోసారి హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్ కూర్చుంది. రెండోసారి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే వైద్యుడు వచ్చాడు. వందలాది జంతువుల మీద ప్రయోగాలు చేసి, ముందు ఊపిరే ఆగుతుంది, కాబట్టి మత్తు ఇచ్చేవాడు ఊపిరి మీదే కన్నుంచాలి అని తేల్చారు. క్లోరోఫాం విషయంలో ఆ తీర్పు నిలవలేదు. తేలికపాటి మత్తులో కూడా అది గుండె లయను ఒక్కసారిగా చెదరగొట్టగలదని 1911 నాటికి లెవీ అనే శాస్త్రవేత్త చూపించాడు.

అయినా ఆ కమిషన్ మాటను కొట్టిపారేయడానికి లేదు. ఈనాటి మందులతో మగత ఇచ్చిన చిన్నపిల్లల విషయంలో ఎక్కువగా జరిగేది అదే: ముందు ఊపిరి తగ్గుతుంది, రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది, ఆ తర్వాతే గుండె నెమ్మదించి ఆగుతుంది. అంటే ఊపిరి తగ్గినప్పుడే పసిగట్టగలిగితే బిడ్డను వెనక్కి తెచ్చుకోవడానికి వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధి నిమిషాల లెక్క. దాన్ని వాడుకోగల మనిషి ఆ గదిలో ఉన్నాడా లేడా అన్నదే పిల్లల పళ్ళ వైద్యంలో భద్రత మొత్తానికి అసలు ప్రశ్న అని నా అంచనా. మందు పేరు గురించిన వాదనలు దాని తర్వాతివి.

రెండు దేశాలు, రెండు దార్లు

బ్రిటన్‌లో ఒకప్పుడు వీధి చివరి పళ్ళ క్లినిక్‌లోనే పిల్లలకు పూర్తి మత్తు ఇచ్చి పళ్ళు పీకేసేవారు. మరణాల మీద ఆందోళన పెరిగాక 1990లో పోస్విల్లో నివేదిక వచ్చి శిక్షణ, పరికరాలు, ప్రాణరక్షణ ఏర్పాట్ల మీద గట్టి సిఫార్సులు చేసింది. 1998లో అక్కడి జనరల్ డెంటల్ కౌన్సిల్ నిబంధనలు బిగించింది. చివరికి 2000లో వచ్చిన ప్రభుత్వ నివేదిక ఆధారంగా, 2001 చివరి నుంచి ఇంగ్లండ్‌లో పళ్ళ కోసం పూర్తి మత్తు ఆసుపత్రిలో తప్ప ఇవ్వకూడదని ఖరారైంది. క్లినిక్ కుర్చీలో పూర్తి మత్తు అన్నదే లేకుండా పోయింది. అయితే ఆ భారం ఆసుపత్రుల మీద పడింది. అక్కడ 5 నుంచి 9 ఏళ్ళ పిల్లలు ఆసుపత్రిలో చేరే కారణాల్లో పుచ్చిపళ్ళు పీకించుకోవడమే మొదటి స్థానంలో ఉంటోంది. వరుసలో నెలల తరబడి ఎదురుచూసే పిల్లకు ఆ నెలలన్నీ నొప్పే.

అమెరికా దారి వేరు. ఒకే పళ్ళ క్లినిక్‌లో ముగ్గురు పిల్లలు చనిపోయిన దరిమిలా 1985లో అక్కడి పిల్లల వైద్యుల అకాడమీ మగత ఇవ్వడంపై మొదటి మార్గదర్శకాలు ప్రకటించింది. 2006 నుంచి పిల్లల పళ్ళ వైద్యుల అకాడమీ కూడా కలిసి ఉమ్మడిగా వాటిని సవరిస్తూ వస్తోంది. కానీ క్లినిక్‌లో మత్తు ఇవ్వడాన్ని అమెరికా నిషేధించలేదు. ఇచ్చేవాళ్ళ అర్హతలూ చూసేవాళ్ళ సంఖ్యా పెంచుకుంటూ పోయింది.

ఈ చరిత్రలో 2000లో వచ్చిన ఒక పరిశీలన దగ్గర కాస్త ఆగాలి. చార్లెస్ కోటే బృందం పిల్లలకు మగత ఇచ్చినప్పుడు జరిగిన 95 దుర్ఘటనలను వడపోసింది. అందులో 51 మరణాలు, 9 శాశ్వత మెదడు దెబ్బలు. ఒకే మందు దోషి అని తేలలేదు. నోటి ద్వారా, ముక్కు ద్వారా, నరం ద్వారా, ఏ దారిన ఇచ్చినా, ఏ జాతి మందైనా ప్రమాదాలు కనిపించాయి. మోతాదు మించడం, రెండు మూడు మందులు కలపడం, గమనించే ఏర్పాటు చాలకపోవడం, ఊపిరి తగ్గాక తిరిగి నిలబెట్టలేకపోవడం, ఇవే పదేపదే బయటపడ్డాయి. ఆసుపత్రి బయట జరిగినవాటి ఫలితాలు మరీ ఘోరంగా ఉన్నాయి. కొందరు పిల్లలు క్లినిక్ నుంచి ఇంటికి వెళ్ళే కారులోనో, ఇంటికి చేరాకో చనిపోయారు. చికిత్స అయిపోయింది, మందు పని మాత్రం అయిపోలేదు.

పత్రికా వార్తల ఆధారంగా 2013లో వచ్చిన మరో పరిశీలన 1980 నుంచి 2011 వరకు అమెరికాలో పళ్ళ వైద్యం కోసం మగత, మత్తు ఇచ్చినప్పుడు జరిగిన 44 మంది పిల్లల మరణాలను గుర్తించింది. వారిలో 21 మంది రెండు నుంచి అయిదేళ్ళ లోపు వాళ్ళు. వార్త కానివి ఎన్నో ఎవరికీ తెలియదు కాబట్టి దీన్నుంచి లక్షకు ఇంత అని లెక్క కట్టలేం. కానీ ముప్పు ఏ వయసు దగ్గర గుమిగూడి ఉందో మాత్రం తెలుస్తోంది.

చిన్న ఒంట్లో పెద్ద తేడా

రెండు నుంచి అయిదేళ్ళే ఎందుకు? ఆ వయసులో నోటి కొలతకు నాలుక పెద్దది. గొంతు వెనక టాన్సిల్స్, అడినాయిడ్లు ఉబ్బి ఉంటాయి. కిలో బరువుకు లెక్కేస్తే పెద్దవాళ్ళకన్నా దాదాపు రెట్టింపు ఆక్సిజన్ ఖర్చవుతుంది, ఊపిరితిత్తుల్లో నిల్వ మాత్రం తక్కువ. ఊపిరి ఆగితే పెద్దవాళ్ళకు దొరికే వ్యవధి వీళ్ళకు దొరకదు. పళ్ళ వైద్యంలో మరో చిక్కు కూడా ఉంది. ఊపిరి వెళ్ళే దారిలోనే డాక్టర్ చేతులు, దూది, నీళ్ళు, పనిముట్లు అన్నీ ఉంటాయి. గడ్డాన్ని కిందికి నొక్కి పనిచేస్తుంటే గొంతు దారి ఇంకాస్త మూసుకుపోతుంది.

మగతకు మెట్లు ఉన్నాయి: పిలిస్తే పలికేది, తట్టితే పలికేది, నొప్పి పెడితే తప్ప కదలనిది, పూర్తి మత్తు. పుస్తకంలో ఇవి విడివిడిగా ఉంటాయి. బిడ్డ మాత్రం ఒక మెట్టు మీద ఉంచుదామనుకుంటే తెలియకుండా మరో మెట్టు దిగిపోతుంది. అందుకే తలపెట్టిన మెట్టు కన్నా ఒక మెట్టు లోతుకు జారినా వెనక్కి తేగల నేర్పు ఉన్నవాళ్ళే ఆ పని చేయాలని మార్గదర్శకాలు చెబుతాయి.

మత్తు దాకా పోనక్కర్లేదు, తిమ్మిరి సూది దగ్గరే లెక్క తప్పవచ్చు. పదిహేను కిలోల నాలుగేళ్ళ పిల్లాణ్ణి తీసుకుందాం. లిగ్నోకైన్ కిలోకు 4.4 మిల్లీగ్రాములు మించకూడదన్నది పిల్లల పళ్ళ వైద్యంలో పాటించే హద్దు. పదిహేను కిలోలకు 66 మిల్లీగ్రాములు. రెండు శాతం మందులో మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు ఉంటుంది కాబట్టి మొత్తం 3.3 మిల్లీలీటర్లు. 1.8 మిల్లీలీటర్ల కార్ట్రిడ్జిలైతే రెండు కూడా నిండవు. మన క్లినిక్‌లలో 30 మిల్లీలీటర్ల సీసా లోంచి సిరంజిలోకి తోడుకోవడమే ఎక్కువ. పైన కుడి, పైన ఎడమ, కింద కుడి, కింద ఎడమ అని ఒకే రోజు నాలుగు వైపులా పని పెట్టుకుంటే ఆ 3.3 ఎప్పుడు దాటిపోయిందో తెలియదు. దాటితే మొదట చిరాకు, వణుకు, తర్వాత ఫిట్స్. నోటి ద్వారా మగత మందు కూడా ఇచ్చి ఉంటే ఆ మొదటి గుర్తులు మగత చాటున దాగిపోతాయి, ఊపిరి మీద దెబ్బ రెండింతలవుతుంది. దీనికి కావలసిన భద్రతా పరికరం బరువు తూచే మిషను. దాని పక్కన కేస్ షీటులో ఒక గడి: బరువు ఇంత, హద్దు ఇన్ని మిల్లీలీటర్లు, ఇప్పటిదాకా ఇచ్చింది ఇంత.

మూడు వాదాలు

పుచ్చిన పళ్ళు ఏడెనిమిది ఉండి, సహకరించని పసివాడి విషయంలో వైద్యులు స్థూలంగా మూడు రకాలుగా ఆలోచిస్తున్నారు.

మొదటివాళ్ళ మాట: ఆసుపత్రిలో పూర్తి మత్తు ఇచ్చి ఒకే పూటలో అన్నీ ముగించాలి. ఊపిరి గొట్టం వేసి ఉంటుంది, మత్తు డాక్టర్ పని మత్తు చూడడమే, ఏదైనా తేడా వస్తే ఐసీయూ పక్కనే ఉంటుంది. బిడ్డకు సూది, డ్రిల్లు, కేకలు ఏవీ గుర్తుండవు. ఈ వాదానికి ఎదురయ్యే అభ్యంతరాలు రెండు. మొదటిది ఖర్చు, ఎదురుచూపు. రెండోది మెదడు ఎదుగుదల గురించిన భయం. మూడేళ్ళ లోపు పిల్లలకు మూడు గంటలకు మించి గానీ, పదేపదే గానీ మత్తు ఇస్తే మెదడు ఎదుగుదల దెబ్బతినవచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2016 డిసెంబరులో హెచ్చరించింది. పసికందుల్లో గంట లోపు ఒక్కసారి ఇచ్చిన మత్తును పరీక్షించిన జీఏఎస్ అధ్యయనం మాత్రం అయిదేళ్ళ వయసులో తెలివితేటల్లో తేడా చూడలేదని 2019లో తెలిపింది. ఈ రెంటికీ మధ్య, రెండు మూడు గంటల పని దగ్గర, గట్టి జవాబు లేదు. మత్తులో ఒకేసారి చేయించుకున్న పిల్లలకు ఇంట్లో తిండి, బ్రషింగు అలవాట్లు మారకపోతే ఏడాది రెండేళ్ళలో మళ్ళీ పళ్ళు పుచ్చుతున్నాయన్నది కూడా ఈ వాదంలో బలహీన స్థానం.

రెండోవాళ్ళు క్లినిక్‌లో మగత చాలంటారు. ఇందులో నైట్రస్ ఆక్సైడ్‌ను మిగతావాటితో కలిపి చూడకూడదు. ముక్కుకు మాస్కు పెట్టి, ఆక్సిజన్ 30 శాతం కన్నా తగ్గనివ్వని మిషనుతో ఒంటరిగా ఇచ్చినప్పుడు దానికి మంచి పేరే ఉంది. చివర కొన్ని నిమిషాలు శుద్ధ ఆక్సిజన్ ఇచ్చి పంపుతారు. కాస్త భయపడే ఆరేడేళ్ళ పిల్లకు అది సరిపోతుంది. మాస్కునే దగ్గరికి రానివ్వని రెండేళ్ళ పిల్లవాడి దగ్గర అది పనిచేయదు. అక్కడే మిడాజోలం, కెటమిన్ లాంటి మగత మందులు వస్తాయి, చిక్కులూ అక్కడే మొదలవుతాయి. అమెరికాలో అసలు తగాదా ఈ వాదం లోపలే ఉంది. పన్ను తీసే సర్జనే మత్తునూ నడిపి, సహాయకులు గమనిస్తే చాలని నోటి సర్జన్లు దశాబ్దాలుగా అంటున్నారు. చాలదని పిల్లల వైద్యులు, మత్తు వైద్యులు అంటున్నారు. ఆరేళ్ళ బాలుడి మరణం తర్వాత కాలిఫోర్నియా 2016 నుంచి దీని మీద చట్టాలు చేసింది. 2019 నాటి ఉమ్మడి మార్గదర్శకాలు లోతైన మగతకు, పని చేసే డాక్టర్‌తో సంబంధం లేకుండా మత్తు మాత్రమే చూసే అర్హుడు వేరే ఉండాలని తేల్చిచెప్పాయి. ఈ తగాదాలో నేను పిల్లల వైద్యుల వైపే. పంటి వేరు విరిగినప్పుడు ఎంత నేర్పరి కన్నైనా పంటి మీదికే పోతుంది.

మూడోవాళ్ళు ప్రశ్ననే మార్చారు: పన్ను తవ్వడం అవసరమా? 1980ల నడిమిలో టాంజానియాలో కరెంటు, డ్రిల్లు లేని చోట చేతి పనిముట్లతో మెత్తటి పుప్పి గీకి సిమెంటు నింపే పద్ధతి మొదలైంది. స్కాట్లండ్‌లో నార్నా హాల్ అనే పళ్ళ వైద్యురాలు సూది, డ్రిల్లు లేకుండా పుప్పి మీదే స్టీలు క్యాప్ బిగించేసేది. గాలీ తిండీ అందక లోపలి పుప్పి నిద్రపోతుంది. ఆ పద్ధతి ఫలితాలు 2006 నుంచి ప్రచురితమయ్యాయి. జపానులో 1970 నుంచి వాడుకలో ఉన్న సిల్వర్ డయమిన్ ఫ్లోరైడ్ ఇంకా తేలిక: ఒక్క చుక్క, బ్రష్షుతో పూత, నిమిషం పని. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో దాన్ని అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. దాని అసౌకర్యం కంటికి కనిపించేదే. పుప్పి ఉన్నచోట పన్ను నల్లగా అయిపోతుంది. వెనక దవడ పంటికి పరవాలేదు. ముందు పంటికైతే ఫొటోల్లో, బడిలో, పెళ్ళిళ్ళలో పిల్ల నవ్వినప్పుడల్లా ఎవరో ఒకరు అడుగుతారు. ఆ ఇబ్బందిని తేలిగ్గా తీసిపారేయడం న్యాయం కాదు. కానీ రెండేళ్ళ బిడ్డకు మత్తును రెండేళ్ళు వాయిదా వేయగలిగితే ఆ నలుపు ఖరీదు చాలా తక్కువ.

పన్ను తవ్వాలా వద్దా అన్నది తేల్చడానికి బ్రిటన్‌లో ఫిక్షన్ అనే పెద్ద అధ్యయనం 1,144 మంది మూడు నుంచి ఏడేళ్ళ పిల్లలను మూడు గుంపులు చేసింది. ఒక గుంపుకు సంప్రదాయ పద్ధతిలో తవ్వి నింపడం, ఒక గుంపుకు పుప్పిని లోపల మూసేయడం, ఒక గుంపుకు నివారణ మాత్రమే. దాదాపు మూడేళ్ళ తర్వాత నొప్పి, చీము విషయంలో మూడింటి మధ్యా చెప్పుకోదగ్గ తేడా కనబడలేదని 2020లో తెలిసింది. తవ్వేవాళ్ళు దీన్ని "తవ్వినా నష్టం లేదు" అని చదివారు, తవ్వనివాళ్ళు "తవ్వకున్నా నష్టం లేదు" అని చదివారు. ఫలితాలు సమానమైనప్పుడు సూది, డ్రిల్లు, మగత తక్కువ పట్టే దారే ముందు రావాలన్నది నాకు సబబుగా తోస్తోంది. అయితే బుగ్గ వాచి జ్వరంతో వచ్చిన పిల్లకు పూతలు, క్యాపులు పనికిరావు. అక్కడ చీము బయటికి పోవాలి, పన్ను పోవాలి.

పక్కపక్కన పెట్టి చూస్తే: ఆసుపత్రి మత్తు ప్రతి నిమిషం కాపలా ఉన్నది, కానీ ఖరీదైనది, నెమ్మదైనది. క్లినిక్ మగత అందుబాటులో ఉన్నది, కానీ కాపలా ఏమాత్రం తగ్గినా మూడింటిలోకీ ప్రమాదకరమైనది. తవ్వని దారి ప్రాణానికి అతి తక్కువ ముప్పు, కానీ మళ్ళీ మళ్ళీ రావాలి, నలుపు ఓర్చుకోవాలి, ఆలస్యంగా వచ్చినవాళ్ళకు పనికిరాదు. ఒకే నోటికి లండన్‌లో ఉన్న తెలుగు కుటుంబానికి ఆసుపత్రి తేదీ ఇస్తారు, డాలస్‌లో ఉన్నవాళ్ళకు క్లినిక్‌లోనే మగత చెప్పవచ్చు, విజయవాడలో ఏ డాక్టర్ దగ్గరికి వెళ్ళారన్న దాన్ని బట్టి ఉంటుంది.

పట్టుకోవడం, కట్టేయడం

కేకలేసే పిల్లల నోరు చేత్తో మూసి "ఆపితే తీస్తా" అనే పద్ధతి ఒకప్పుడు పాఠ్యపుస్తకాల్లో ఉండేది. అమెరికా పిల్లల పళ్ళ అకాడమీ 2006లో దాన్ని తన పద్ధతుల నుంచి తొలగించింది. పట్టీల బల్ల మీద కట్టి ఉంచడం మాత్రం అక్కడ కొన్ని షరతులతో ఉంది, యూరప్‌లో చాలాచోట్ల దాన్ని సహించరు. కట్టడాన్ని సమర్థించేవాళ్ళు అనేది ఒకటే: మగత కన్నా కట్టడం ప్రాణానికి క్షేమం. కాదనేవాళ్ళు, ఆ రోజు భయం పెద్దయ్యాక కూడా పళ్ళ డాక్టర్ గడప తొక్కనివ్వదంటారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. మన దగ్గర పట్టీలు అరుదు. తల్లి ఒళ్ళో కూర్చోబెట్టుకుని, తండ్రి కాళ్ళు పట్టుకుని, సిస్టర్ తల పట్టుకుని పని కానిచ్చేయడమే ఎక్కువ. దానికి సమ్మతి పత్రం ఉండదు, ఎన్ని నిమిషాలు పట్టుకున్నారో రాసుకోరు.

చిన్న ప్రమాదాలు, పెద్ద బెంగలు

మత్తు మరణాలు అరుదు. రోజూ జరిగేవి వేరే. కింది దవడకు తిమ్మిరి సూది వేశాక పెదవి రెండు మూడు గంటలు మొద్దుబారి ఉంటుంది. అదేదో వింతగా ఉందని బిడ్డ దాన్ని నమలడం మొదలుపెడుతుంది, నొప్పి తెలియదు. సాయంత్రానికి పెదవి వాస్తుంది. మర్నాటికి పెదవి లోపలి వైపు తెల్లటి పొర కట్టిన పుండు తేలుతుంది. చూసినవాళ్ళు చీము పట్టిందనుకుని మందుల షాపుకు పరిగెడతారు, యాంటీబయాటిక్ తెస్తారు. సాధారణంగా దాని అవసరం ఉండదు, వారం పది రోజుల్లో అదే మానుతుంది. పంపించేటప్పుడు "తిమ్మిరి పోయేదాకా ఏమీ తిననివ్వకండి, పెదవి నమలకుండా చూస్తుండండి" అని ఒక్క ముక్క చెప్పి ఉంటే ఆ రాత్రి ఆ ఇంట్లో అంత హడావుడి ఉండేది కాదు.

చేయి జారిన స్టీలు క్యాప్ మింగేయడం ఇంకొకటి. కడుపులోకి పోతే కొద్ది రోజుల్లో విరేచనంలో పోతుంది. ఊపిరి దారిలోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. పంటి చుట్టూ రబ్బరు తెర బిగించి పనిచేసే పద్ధతి 1864 నుంచీ ఉంది. తొందరలో మానేసేదీ ముందు అదే. తప్పు పన్ను పీకడం పిల్లల్లో ఇంకా తేలిక, ఎందుకంటే పాలపళ్ళూ శాశ్వత పళ్ళూ కలిసి ఉండే వయసు అది. తీగలు వేసేందుకు పన్ను తీయమని ఒక డాక్టర్ రాసిన చీటీ ఇంకో డాక్టర్ చేతికి వెళ్ళేసరికి అంకె మారిపోతుంది. పీకే ముందు డాక్టర్, నర్సు, తల్లి ముగ్గురూ ఆ పంటిని చూపించి పైకి చెప్పుకుంటే చాలు, పది సెకన్ల పని.

మనం ఎక్కువగా తలవనిది నీళ్ళ గొట్టం. డ్రిల్లు నుంచి చిమ్మే నీళ్ళు వచ్చే సన్నటి గొట్టాల్లో పాచి పేరుకుంటుంది. 2015లో జార్జియాలో, 2016లో కాలిఫోర్నియాలో పాలపళ్ళకు వేరు వైద్యం చేయించుకున్న పదుల మంది పిల్లలకు ఈ నీళ్ళ లోని మైకోబాక్టీరియం సోకి దవడ ఎముకల దాకా పాకింది. శస్త్రచికిత్సలు, నెలల తరబడి యాంటీబయాటిక్‌లు. మిల్లీలీటరుకు 500 సూక్ష్మజీవుల కాలనీలు మించకూడదన్నది అక్కడి ప్రమాణం. గొట్టాలను శుభ్రం చేస్తున్నారా, నీళ్ళను పరీక్ష చేయిస్తున్నారా అని మన దగ్గర ఎవరూ అడగరు.

మందులు, పదార్థాల సంగతి టూకీగా. పాలపంటి వేరుకు వాడే ఫార్మోక్రెసాల్ వయసు నూరేళ్ళకు పైనే. అందులోని ఫార్మాల్డిహైడ్‌ను అంతర్జాతీయ క్యాన్సర్ సంస్థ 2004లో మనుషుల్లో క్యాన్సర్ కారకంగా ప్రకటించాక ఎంటీఏ సిమెంటు దాని చోటులోకి వస్తోంది. ఫార్మోక్రెసాల్ చౌక, అందుకే ఇంకా పోలేదు. పాదరసపు ఫిల్లింగులను 15 ఏళ్ళ లోపు పిల్లలకు మానేయాలని యూరప్ 2018లో, పాదరసం మీద కుదిరిన మినమాటా ఒప్పంద దేశాలు 2022లో నిర్ణయించాయి. పళ్ళు వచ్చే పసివాళ్ళ చిగుళ్ళకు బెంజోకైన్ జెల్ పూయవద్దని ఎఫ్‌డీఏ 2018లో చెప్పింది, అది రక్తం ఆక్సిజన్ మోసే శక్తిని దెబ్బతీయగలదు. నిమెసులైడ్ అనే నొప్పి మందును 12 ఏళ్ళ లోపు పిల్లలకు మన దేశం 2011లోనే నిషేధించింది. పంటి నొప్పి అని రాత్రివేళ పెద్దవాళ్ళ మాత్రను సగం విరిచి వేసే ఇళ్ళకు ఆ కబురు ఇంకా చేరాలి.

మన చట్టం, మన లెక్క

పళ్ళ డాక్టర్లను నియంత్రించేందుకు 1948లో ఒక చట్టం చేశారు, దాని స్థానంలోకి తేవడానికి 2023లో జాతీయ దంత కమిషన్ చట్టం చేశారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు వైద్యశాలల నమోదుకు 2002లో చట్టం చేశారు. 1995లో శాంతా కేసులో సుప్రీంకోర్టు వైద్యాన్ని వినియోగదారుల చట్టం కిందికి తెచ్చింది. 2008లో సమీరా కోహ్లీ కేసులో, ఏం చేస్తారో ముందే వివరించి తీసుకున్న సమ్మతే సమ్మతి అంది. 12 ఏళ్ళ లోపు పిల్లల తరఫున సంరక్షకులే సమ్మతి ఇస్తారు. కాగితం మీద ఇదంతా బాగానే ఉంది. కానీ ఈ దారులన్నీ దుర్ఘటన జరిగాక తప్పెవరిదో తేల్చడానికి పనికొచ్చేవి. త్రుటిలో తప్పిపోయిన ప్రమాదం గురించి నోరు విప్పే డాక్టర్‌కు రక్షణ ఇచ్చేవి కావు.

చిన్న పట్టణాల్లో మత్తు డాక్టర్ పిలిస్తే వచ్చే మనిషి. ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి బైకు మీదో కారులోనో తిరుగుతుంటారు. పళ్ళ క్లినిక్‌లో పని అయ్యాక, బిడ్డ పూర్తిగా తేరుకునే దాకా ఆయన ఉంటారా, తర్వాతి కేసుకు వెళ్తారా? బిడ్డ నీళ్ళు తాగి ఎంతసేపైంది, పాలు తాగి ఎంతసేపైంది అని అడిగేది ఎవరు? నీళ్ళకు రెండు గంటలు, తల్లిపాలకు నాలుగు, ఆహారానికి ఆరు అన్నది అందరికీ తెలిసిన హద్దు. ఈ మధ్య యూరప్ నీళ్ళ హద్దును గంటకు తగ్గించింది. "ఏడుస్తోందని రెండు బిస్కెట్లు పెట్టా" అని అమ్మమ్మ భయపడకుండా చెప్పగలిగే వాతావరణం ఉన్న క్లినిక్ సగం సురక్షితం.

ఫ్లోరైడ్ గురించి ఇక్కడ ఒక మాట. నెల్లూరు ప్రాంతంలో ఫ్లోరోసిస్‌ను 1937లోనే గుర్తించారు, నల్లగొండ బాధ అందరికీ తెలిసిందే. ఆ అనుభవంతో ఫ్లోరైడ్ పేరున్న ప్రతి పేస్టునూ, పూతనూ అనుమానించే తల్లిదండ్రులు ఉన్నారు. వాళ్ళను తప్పుపట్టలేం. రోజూ లీటర్ల కొద్దీ తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ వేరు, మూడేళ్ళ లోపు బిడ్డకు బియ్యపు గింజంత పేస్టు వేరు అని ఓపిగ్గా చెప్పాలి. ఆ గింజంత పేస్టు వల్ల మత్తు బల్ల దాకా రాకుండా తప్పించుకునే పిల్లలే ఎక్కువ.

ఇంకా తేలనివి

మెదడు మీద మత్తు ప్రభావంలో గంటకూ మూడు గంటలకూ మధ్య ఉన్న చీకటి గురించి పైనే చెప్పాను. పిల్లల పళ్ళ వైద్యానికి పట్టే సమయం సాధారణంగా అక్కడే పడుతుంది. ముక్కులో కొట్టే డెక్స్‌మెడిటోమిడిన్ లాంటి కొత్త మందులు ఊపిరిని తక్కువగా తగ్గిస్తాయంటున్నారు, గుండె వేగాన్ని మాత్రం తగ్గిస్తాయి. వేలాది పిల్లల అనుభవం పోగయ్యాక గానీ వాటి నిజస్వరూపం తెలియదు. వేలికి తగిలించే ఆక్సీమీటర్ ఆక్సిజన్ పడిపోయాక చెబుతుంది, బయటికి వచ్చే ఊపిరిని కొలిచే క్యాప్నోగ్రాఫ్ దానికన్నా ముందే చెబుతుంది. నోరు తెరిచి ఏడ్చే బిడ్డ ముక్కు దగ్గర ఆ కొలత ఎంత నమ్మదగ్గదన్న దాని మీద ఇంకా వాదం ఉంది.

వీటన్నిటికన్నా వెలితిగా ఉన్నది లెక్క. మందుల దుష్ప్రభావాలు చెప్పుకోవడానికి మన దేశంలో 2010 నుంచి ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం ఉంది. పరికరాల లోపాలకు 2015 నుంచి ఇంకొకటి ఉంది. తప్పు పన్ను పీకడం మందు దోషమూ కాదు, పరికర దోషమూ కాదు. సిరంజిలో 3.3 దాటడం, రబ్బరు తెర మానేయడం, మత్తు డాక్టర్ ముందే వెళ్ళిపోవడం, ఇవి ఏ ఫారంలోనూ ఏ గడిలోనూ పట్టవు. ఇంగ్లండ్‌లో తప్పు పన్ను తీయడాన్ని ఎన్నడూ జరగకూడనివాటి జాతీయ జాబితాలో కొన్నేళ్ళు ఉంచి లెక్కపెట్టారు, 2021లో ఆ జాబితా నుంచి తీసేశారు. తీసేయడం సరైందేనా అని అక్కడ వాదించుకోవడానికి వాళ్ళ దగ్గర అంకెలైనా ఉన్నాయి. కర్నూలులో ఒక బిడ్డ కుర్చీలో నీలిరంగుకు తిరిగి, ఆక్సిజన్ పెట్టాక కోలుకుని ఇంటికి వెళ్ళిపోతే, ఆ కబురు కరీంనగర్‌లో రేపు ఉదయం అదే మందు తోడుకోబోయే డాక్టర్‌కు చేరే దారి మన దగ్గర ఇప్పటికి లేదు.